సూది వేలిలో దిగిన రోజు నుంచి

2024 శ్రావణంలో ఒక మధ్యాహ్నం పెళ్లి జాకెట్టు చేతికి అంచు కుడుతూ మిషను మీదే నిద్రపోయాను. రెప్పపాటే. కానీ కాలు పెడలు మీదే ఉంది, మోటారు ఆగలేదు. సూది ఎడమ చూపుడు వేలి గోరులోంచి దిగి కిందికి తేలింది. మా అంగట్లో పనిచేసే అమ్మాయి చక్రం వెనక్కి తిప్పి సూది పైకి తీసింది. నొప్పి కంటే ముందు నాకు జాకెట్టు మీద రక్తం పడిందేమోనన్న భయం వచ్చింది. పడింది. ఆ పిల్ల పెళ్లికి కొత్త గుడ్డ కొని మళ్లీ కుట్టి ఇచ్చాను.

నాకు 43 ఏళ్లు. కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు నడిచి వెళ్లేంత దూరంలో మా అంగడి. ఆ రోజుకు నా బరువు 116 కిలోలు, ఎత్తు 157 సెంటీమీటర్లు. ఆరేళ్లుగా షుగర్. మోకాళ్ల నొప్పికి రోజూ బిళ్ల. పగలు కునుకుపాట్లు. కునుకుపాట్ల సంగతి ఎవరితోనూ చెప్పేదాన్ని కాదు. తిండి ఎక్కువై నిద్ర వస్తోందని ఇంట్లోవాళ్లు అంటుంటే నేనూ అదే నిజమనుకున్నాను.

నేనెప్పుడూ ఇలా లేను. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డప్పుడు నేను 64 కిలోలు. రెండేళ్ల కొడుకును చంకన వేసుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని మూడంతస్తుల మెట్లు ఎక్కడా నిలబడకుండా ఎక్కేశాను. ఆ రాత్రంతా మిద్దె మీదే. నీళ్లు దిగాక చూస్తే మూడు మిషన్లూ బురదలో ఉన్నాయి. అప్పు చేసి మళ్లీ కొన్నాం. ఆ అప్పు తీర్చడానికి పొద్దున కూర్చుంటే రాత్రి పదకొండుకో పన్నెండుకో లేచేదాన్ని. అప్పు తీరింది కానీ ఆ కూర్చోవడం అలవాటైపోయింది. ఏడాదికి మూడు, మూడున్నర కిలోలు. ఒక్కసారిగా పెరిగి ఉంటే భయపడేదాన్నేమో. ప్రతి సంక్రాంతికీ నా ఆది జాకెట్టు మార్చుకుంటూ పోయాను.

తగ్గించుకోవడానికి ప్రయత్నించలేదని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. పొద్దున ఉగ్గాని మానేశాను. రాత్రి జొన్నరొట్టె ఒక్కటే తిన్నాను. కషాయాలు తాగాను. ఒకసారి డబ్బాల్లో అమ్మే పొడి ఆరు వారాలు వాడితే 9 కిలోలు తగ్గి, ఐదు నెలల్లో 12 పెరిగాను. ప్రతిసారీ తగ్గినంతకాలం అందరూ మెచ్చుకునేవాళ్లు. మళ్లీ పెరిగినప్పుడు ఎవరూ ఏమీ అనరు, ఒకసారి పైనుంచి కిందికి చూస్తారు. ఆ చూపు నాకు బాగా తెలుసు.

వేలికి కట్టు కట్టించుకోవడానికి వెళ్తే అక్కడి డాక్టరుగారు షుగర్ చీటీ చూసి, "రాత్రి గురక పెడతావా అమ్మా?" అని అడిగారు. అన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. మా ఆయన పక్కనుంచి, "మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటుంది సార్, నేను లేపుతుంటాను" అన్నాడు. ఆ మాట నాకూ అప్పటిదాకా చెప్పలేదు. ఒక రాత్రికి చిన్న యంత్రం ఇంటికిచ్చి పంపారు. ముక్కు కింద సన్నటి గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు. రిపోర్టులో వచ్చిన అంకె 41. అంటే గంటకు 41 సార్లు నా ఊపిరి ఆగడమో సగంలో తెగడమో జరుగుతోంది. 30 దాటితే తీవ్రమని లెక్క. మెడ చుట్టూ, గొంతు లోపల పేరుకున్న కొవ్వు పడుకున్నప్పుడు గాలిదారిని నొక్కేస్తుందనీ, ఊపిరి ఆగినప్పుడల్లా మెదడు ఉలిక్కిపడి లేపుతుందనీ, ఆ లేవడం మనకు గుర్తుండదనీ ఆయన చెప్పారు. రాత్రంతా అన్నిసార్లు మేలుకునే మనిషి పగలు నిద్రపోకుండా ఎట్లా ఉంటుంది?

మాస్కులోంచి గాలి నెట్టి గాలిదారి మూసుకుపోకుండా చూసే యంత్రం, సీప్యాప్ అంటారు, అద్దెకు తెచ్చుకున్నాం. మొదటి వారం పీడకలలా గడిచింది. మూడో వారం ఒకరోజు మధ్యాహ్నం నాలుగయ్యాక గుర్తొచ్చింది, ఈరోజు కళ్లు మూతపడలేదని. మిషను ఆపి కాసేపు ఏడ్చాను. ఇన్నేళ్లూ బద్ధకమని నన్ను నేను తిట్టుకున్నది ఒక గాలి గొట్టంతో పోయింది. అది బద్ధకం కాకపోతే, తిండి విషయంలో నన్ను నేను తిట్టుకుంటున్నది కూడా పూర్తిగా నిజం కాదేమో అన్న అనుమానం అక్కడే మొదలైంది.

బరువు తగ్గించే ఆపరేషన్ మాట మొదట ఎత్తింది కూడా ఆ డాక్టరుగారే. నాకు కోపం వచ్చింది. నోరు కట్టుకోలేని వాళ్లకు కడుపు కోస్తారని నా అభిప్రాయం. ఆయన ఓపికగా చెప్పారు. బరువును ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐ నాకు 47. అంత దూరం వచ్చాక తిండి తగ్గిస్తే ఒంట్లో ఆకలి పుట్టించే హార్మోన్లు పెరుగుతాయి, ఖర్చు చేసే శక్తిని ఒళ్లు తగ్గించుకుంటుంది, పాత బరువు దగ్గరికే లాక్కెళ్తుంది. పొడి డబ్బాల సంగతి ఆయనకు నేను చెప్పలేదు, కానీ నా కథే చెబుతున్నట్టు అనిపించింది.

ముందు ఒకచోటికి వెళ్లాం. పేరు చెప్పను. పది నిమిషాలు మాట్లాడారు, నెలాఖరులోపు చేరితే 40 వేలు తగ్గిస్తామన్నారు, సోమవారం రమ్మన్నారు. గొంతులోంచి కెమెరా గొట్టం దింపి కడుపు చూసే ఎండోస్కోపీ లేదు, సీప్యాప్ సంగతి అడగలేదు, నేనేం తింటానో అడగలేదు. మా ఆయన అడ్వాన్సు కట్టడానికి జేబులో చెయ్యి పెట్టాడు. నేను ఆపాను. ఇరవై ఏళ్లుగా గుడ్డ కత్తిరిస్తున్నాను. కొలత తీసుకోకుండా కత్తెర పట్టినవాళ్లను నమ్మలేను.

రెండో ఆసుపత్రి కూడా హైదరాబాదులోనే. 2025 ఫిబ్రవరిలో వెళ్లాం. బస్సులో నాలుగు గంటల పైన పడుతుంది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేటప్పుడు, ఇంకా వెనక్కి తిరగొచ్చు అనుకున్నాను. అక్కడి సర్జన్ కాగితం మీద రెండు బొమ్మలు గీశారు.

మొదటిది స్లీవ్. కడుపులో ముప్పాతిక భాగం పైగా నిలువునా స్టేపుల్ చేసి కత్తిరించి తీసేస్తారు, అరటికాయంత సన్నటి గొట్టం మిగులుతుంది. తీసేసే భాగంలోనే ఆకలి పుట్టించే ఘ్రెలిన్ ఎక్కువగా తయారవుతుంది కాబట్టి ఆకలి కూడా తగ్గుతుంది. నాకు నా పనిలో అర్థమయ్యేది ఇలా: వదులు జాకెట్టును పక్కకుట్లు వేసి బిగించి, మిగిలిన గుడ్డ కోసి పారేయడం. మామూలుగా మేము లోపల రెండు కుట్లకు సరిపడా గుడ్డ వదులుతాం, రేపు విప్పుకోవడానికి. ఇందులో ఆ గుడ్డ ఉండదు.

రెండోది బైపాస్. పైన కోడిగుడ్డంత చిన్న సంచిని వేరుచేసి, చిన్నపేగును కోసి తెచ్చి దానికి కలుపుతారు. మిగతా కడుపు లోపలే ఉంటుంది కానీ అన్నం ఆ దారిన పోదు. షుగర్ మీద దీని ప్రభావం ఎక్కువ, బరువు తగ్గకముందే షుగర్ దిగడం మొదలవుతుందని చెప్పారు. దీనికి మూల్యం కూడా ఉంది. ఇనుము, బీ12, కాల్షియం, డీ విటమిన్ సరిగా ఒంటికి పట్టవు, బతికినన్నాళ్లూ బిళ్లలు వేసుకోవాలి, ఏటా రక్తపరీక్షలు చేయించుకోవాలి. తీపి ఎక్కువ తింటే గుండెదడ, చెమటలు, కడుపు మెలిపెట్టడం. మా అమ్మ చేసే ఓళిగలు కళ్ల ముందు కదిలాయి.

నేను స్లీవ్ కావాలనుకుని వెళ్లాను, అది చిన్న ఆపరేషనని విన్నాను కాబట్టి. ఎండోస్కోపీలో ఆహారనాళం కింది భాగంలో పుండ్లు కనిపించాయి, పులితేన్పులు నాకు ఎప్పటినుంచో ఉన్నాయి. స్లీవ్‌తో ఆ యాసిడ్ బాధ పెరగొచ్చట. పులితేన్పులు, షుగర్ రెండూ ఉన్నాయి కాబట్టి బైపాసే మేలన్నారు. చావు సంగతి నేనే అడిగాను. వెయ్యిమందిలో ఒకరిద్దరని, కుట్టు దగ్గర లీకు కావడం నూటికి ఒకరి దాకా ఉంటుందని దాచకుండా చెప్పారు. ఎంత తగ్గుతానని అడిగితే, ఏడాది, ఏడాదిన్నరలో ఉన్న బరువులో పావువంతు నుంచి 30 శాతం దాకా అన్నారు. అంటే 81, 87 మధ్య ఎక్కడో. మళ్లీ 64 కాను. ఆ మాట విన్నప్పుడు కొంచెం బాధ కలిగింది, ఆ వెంటనే ఆయన మీద నమ్మకం కుదిరింది.

అలా అని సరేననలేదు. మార్చిలో సరేనన్నాను, ఏప్రిల్‌లో వద్దన్నాను. ఆ మార్చిలోనే బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షను మన దేశంలోకి వచ్చింది. మా మరిది ఫోన్ చేసి, "వదినా, వారానికొక సూదితో పోయేదానికి కోతెందుకు?" అన్నాడు. సర్జన్‌ను అడిగాను. ఆయన దాన్ని తీసిపారేయలేదు, మంచి మందేనన్నారు. సగటున 15 నుంచి 20 శాతం తగ్గుతారు, ఆపితే చాలామందికి మళ్లీ పెరుగుతుంది, అందుకని ఏళ్ల తరబడి వాడుకోవాల్సిన మందుగానే చూడమన్నారు. అప్పట్లో మొదటి డోసుకే నెలకు 14 వేలు. ఏడాదికి లెక్కేస్తే రెండు లక్షల దాకా, ఏటేటా. నా పాలసీ దానికి పైసా ఇవ్వదు. డబ్బున్నవాళ్లకు, నా అంత బరువు లేనివాళ్లకు అది మంచి దారే కావచ్చు. మా ఇంటి లెక్కలో ఇమడలేదు. జూన్‌లో మళ్లీ సరేనన్నాను, ఆ తర్వాత మారలేదు.

మా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "దేవుడిచ్చిన కడుపును కోపిచ్చుకునేది ఎందుకుమే? గడ్డలొచ్చినోళ్లు కోపిచ్చుకుంటారు గానీ!" అని రెండు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. మా పిన్నమ్మకు షుగర్‌తో కాలు తీసేశారు, ఏడాది తిరక్కుండానే పోయింది. ఆసుపత్రికి పోయినోళ్లు తిరిగిరారని అమ్మకు అప్పుడే మనసులో పడిపోయింది. నేను వాదించలేదు. ప్రతి పరీక్షకూ ఏమన్నారో ఇంటికొచ్చి చెప్పేదాన్ని, ఆమె వినిపించుకోనట్టు బుడ్డలు ఒలుస్తూ కూర్చునేది.

పరీక్షలు వరసగా చెప్పను, చాలా ఉన్నాయి. గుండెకు ఈసీజీ, ఎకో. కడుపు స్కానింగులో పిత్తాశయంలో రాళ్లు లేవు కానీ కాలేయం నిండా కొవ్వు. థైరాయిడ్ బాగుంది. డీ, బీ12 రెండూ తక్కువ. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఎండోస్కోపీలో తీసిన ముక్కలో హెలికోబాక్టర్ అనే క్రిమి ఉందన్నారు. 14 రోజులు యాంటీబయాటిక్స్, నోరంతా చేదు. అవి అయ్యాక నాలుగు వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేసి, పోయిందని చూశాకే ముందుకు కదిలారు. మోకాళ్లకు వేసుకునే డైక్లోఫెనాక్ ఆపించారు. బైపాస్ తర్వాత ఆ రకం నొప్పిబిళ్లలు కుట్టు దగ్గర పుండు చేస్తాయి. దాని బదులు పారాసెటమాల్, కుర్చీలో కూర్చుని కాలు చాపే వ్యాయామాలు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 9.1 శాతం ఉంటే 8 లోపుకు తెమ్మన్నారు. 7.4కు తెచ్చాను.

అన్నిటికంటే కష్టమైన గంట సైకాలజిస్టు దగ్గర గడిచింది. ఆమె వయసులో నాకంటే చిన్నది. "ఆకలి లేనప్పుడు ఎప్పుడు తింటారు?" అని అడిగింది. తినను అన్నాను. ఆమె ఏమీ అనకుండా చూస్తూ ఉంది. అప్పుడు చెప్పాను. రాత్రి అందరూ పడుకున్నాక ఒక్కదాన్నే కుడుతూ ఉంటాను. ఫాల్స్ పెట్టే సొరుగులో ఫాల్స్ కింద బొరుగుల ఉండలు, మిక్చరు పొట్లాలు ఉంటాయి. ఎప్పుడు అయిపోయాయో నాకే తెలియదు. పొట్లాలు పొద్దున్నే మూలమీది చెత్తకుప్పలో వేసి వస్తాను, ఇంటి బుట్టలో కాదు. ఇది మా ఆయనకు కూడా తెలియదు. ఆమె తప్పని అనలేదు. కడుపు చిన్నదైనా ఆ సొరుగు అక్కడే ఉంటుందని, కొంచెం కొంచెంగా రాత్రంతా తింటే బైపాస్‌ను కూడా ఓడించొచ్చని మాత్రం చెప్పింది. ఎనిమిది వారాలు వాయిదా వేసింది. రాత్రి తొమ్మిదికి మిషను ఆపాలి. తినాలనిపిస్తే అప్పుడు మనసులో ఏముందో పుస్తకంలో రాయాలి. నా పుస్తకంలో ఎక్కువసార్లు ఉన్న మాట ఆకలి కాదు, "రేపటికి ఇవ్వాలి" అన్న మాట. ఆర్డర్లు తగ్గించుకున్నాను. ఆదాయం తగ్గింది. ఆ పుస్తకం ఒకరోజు మా ఆయనకు ఇచ్చాను. చదివి, సొరుగు తీసి ఫాల్స్ అన్నీ రంగుల వారీగా సర్ది పెట్టాడు. ఒక్క మాట అడగలేదు.

బీమా సంగతి కొంచెం వివరంగా రాస్తాను, చాలామంది ఇక్కడే ఆగిపోతారు కాబట్టి. బరువు తగ్గే ఆపరేషన్‌కు డబ్బు రాదని అందరూ అంటారు. 2019లో బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ పెట్టిన నియమంలో దీనికి షరతులున్నాయి. వయసు 18 దాటాలి, డాక్టరు సలహా ఉండాలి, బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉండాలి. 35 అయితే దానితోపాటు గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ యాప్నియా (నిద్రలో ఊపిరి ఆగే నా జబ్బు ఇదే), అదుపులో లేని టైప్ 2 షుగర్ లాంటిది ఏదైనా ఒకటి ఉండాలి. వేరే పద్ధతులు ప్రయత్నించి విఫలమయ్యారా అని కూడా చూస్తారు. ఈ చివరిది రుజువు చేయడమే కష్టం. పాత బీరువాలో 2016 నుంచి ఉన్న డైట్ చీటీలు, షుగర్ డాక్టరు రాసిన బరువులు అన్నీ వెతికి వరసలో పెట్టాను. మా ఆపరేషన్‌కు చెప్పిన ఖర్చు 3 లక్షల 80 వేలు. మొదటిసారి కాదన్నారు. నిద్ర పరీక్ష రిపోర్టు, డాక్టరుగారి ఉత్తరం జతచేసి మళ్లీ పంపితే 3 లక్షల 10 వేలకు ఒప్పుకున్నారు. ఏ చీటీనీ పారేయకండి. నా పాలసీ అయిదేళ్ల నాటిది కాబట్టి ఆగాల్సిన గడువులన్నీ అయిపోయి ఉన్నాయి, అదీ కలిసొచ్చింది.

ఇక చివరి రెండు వారాలు. కాలేయం కొవ్వుతో ఉబ్బి కడుపు మీద కప్పినట్టు ఉంటుంది. దాన్ని పైకెత్తి కింద పనిచేయాలి. అన్నం, రొట్టె, సంగటి ఆపేసి ప్రొటీను ఎక్కువ, పిండిపదార్థం తక్కువ తింటే రెండు వారాల్లో అది కుంచించుకుపోతుంది. ప్రొటీను పొడి కలిపిన మజ్జిగ, గుడ్డు తెల్లసొన, పెసరపప్పు కట్టు, ఆకుకూరలు, సొరకాయ. మూడో రోజు మధ్యాహ్నం చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. వేలు గుచ్చి చూస్తే షుగర్ 64. గ్లూకోజు నీళ్లు తాగి ఫోన్ చేశాను. తిండి అంత తగ్గినప్పుడు షుగర్ బిళ్ల కూడా తగ్గాలి. ముందే అడిగి ఉండాల్సింది. గ్లిమెపిరైడ్ అప్పుడే ఆపించారు. ఈ డైటుకు దిగేవాళ్లు షుగర్ ఉంటే మొదటి రోజుకు ముందే ఈ మాట అడగండి.

తినడం కూడా కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. చిన్న చెంచా, ఒక్కో ముద్ద పాతికసార్లు నమలడం, అన్నంతోపాటు నీళ్లు తాగకపోవడం, తిన్నాక అరగంట ఆగడం. సంగటి తిని పెరిగినవాళ్లం మేము. సంగటి నమిలేది కాదు, మింగేది. 43 ఏళ్లుగా అన్నీ సంగటిలాగే మింగుతున్నానని మొదటిరోజే తెలిసింది. దానితోపాటు మూడు బంతులుండే ప్లాస్టిక్ డబ్బాతో ఊపిరి పీల్చే అభ్యాసం. మొదట ఒక్క బంతే లేచేది, ఇప్పుడు రెండున్నర లేస్తున్నాయి. పొద్దున తుంగభద్ర గట్టు వైపు నడక, మోకాలు ఒప్పుకున్నంత దూరం.

ఆపరేషన్ తర్వాత వెంటనే కర్నూలుకు రాము. 210 కిలోమీటర్లు. రాత్రిపూట లీకయితే ఏం చేయాలని అడిగితే పదిరోజులు దగ్గర్లోనే ఉండమన్నారు, గది మాట్లాడుకున్నాం. గుండె నిమిషానికి 120 కొట్టుకుంటూ ఆగకపోయినా, జ్వరం, ఆయాసం, ఎడమ భుజంలో నొప్పి ఉన్నా తెల్లారేదాకా ఆగకూడదు. అది మా ఆయన, మా అబ్బాయి ఇద్దరి ఫోన్లలోనూ రాయించాను.

ఈరోజు పొద్దున బరువు 109 కిలోల 400 గ్రాములు. రేపు తెల్లవారుజామున నాలుగున్నర బస్సు. నర్సు ఫోన్ చేసి మొదటి రోజులు ఎలా తాగాలో చెప్పింది: పావుగంటకొకసారి 30 మిల్లీలీటర్లు, గుటకలు గుటకలుగా. స్పీకరులో పెట్టి వింటున్నాం. అమ్మ పక్కగదిలో ఉంది. కాసేపయ్యాక వంటింట్లో పెట్టె జరిపిన చప్పుడు వినిపించింది. చింతపండుతో తోమి తెల్లగా మెరుస్తున్న ఉగ్గుగిన్నె పట్టుకొచ్చింది. నేను పుట్టినప్పుడు మా తాత చేయించింది, నాకూ నా కొడుక్కీ దానితోనే ఉగ్గు పట్టింది. దగ్గుమందు మూతతో నీళ్లు కొలిచి మూడుసార్లు పోసింది. మూత పది మిల్లీలీటర్లది.

"ఇంతేనామే?" అంది.

"ఇంతేమా."

నీళ్లు పారబోసి, పైటకొంగుతో తుడిచి, నా సంచిలో సీప్యాప్ మాస్కు పక్కన పెట్టింది. తనూ వస్తానంది. మా ఆయన ఇంకో టికెట్టు కోసం బస్టాండుకు వెళ్లాడు.